ఆయన ఎత్తు

రాజ్యాలు ఎలా కూలాయో, మనిషి నిప్పును ఎలా మచ్చిక చేసుకున్నాడో వివరించే గ్రంథాలు బీరువాల నిండా ఉన్నాయి. మడతక్క సైకిలు ఎలా దిగేదో వివరించే గ్రంథం మాత్రం ఇంతవరకు ఒక్కటీ వెలువడలేదు. చరిత్రకారుల అశ్రద్ధకు ఇంతకంటే నిదర్శనం అక్కర్లేదు. ఆ వీధికి సంబంధించినంతవరకు అది రోజూ తప్పకుండా జరిగే మహాఘట్టం. ముందు ఆమె దూరం నుంచే ఒక స్తంభాన్నో గోడనో ఎంచుకునేది. దాని మీద చూపు నిలిపి, రేవు చేరుతున్న ఓడలా గంభీరంగా వేగం తగ్గించేది. ఎడమచెయ్యి చాపి స్తంభాన్ని కావలించుకునేది. ఆ పైన, కాలు నేలకు అందదు గనక, సీటు మీంచి పక్కకు జారి, కాసేపు భూమికీ ఆకాశానికీ మధ్య నిలిచి, చివరికి మనలో ఒకరుగా కిందికి వచ్చేది. టీకొట్టు దగ్గరివాళ్ళు అంతసేపూ గ్లాసులు నోటిదాకా తీసుకువెళ్ళి ఆపేవారు.

దాంతో ఆమెకు వీధులు మనకు కనిపించినట్టు కనిపించేవి కావు. పోస్టాఫీసు గోడ మంచిది, నున్నగా ఉంటుంది. బ్యాంకు ముందు కొత్తగా పెట్టిన పూలకుండీలు ఎత్తు చాలవు. మందుల షాపు దగ్గర స్తంభం ఉంది కానీ, ఎప్పుడు చూసినా ఎవరో ఒక పనిలేని మనిషి దాన్ని ముందే ఆనుకుని ఉంటాడు. ఆనుకోవడానికి ఏమీ లేని వీధుల్లో ఉండేవాళ్ళకు ఆమె కుట్టిన బట్టలు ఆలస్యంగా అందేవి. కారణం వాళ్ళకు ఎన్నటికీ తెలియలేదు.

ఇంత అవస్థకూ మూలం ఒక్కటే. ఆ కరెంటు సైకిలు ఆమెది కాదు, వాళ్ళాయనది. ఆయనది పొడుగు విగ్రహం. ఆమె ఆయన గడ్డం దగ్గర ఆగిపోయే మనిషి. ఆయన పోయి ఏడాది కావస్తున్నా సీటు మాత్రం ఆయన వదిలివెళ్ళిన ఎత్తులోనే ఉంది. పెడలు కిందికి వెళ్ళినప్పుడల్లా ఆమె కాలు దానికి వీడ్కోలు చెప్పేది. అది చుట్టు తిరిగి పైకి వచ్చినప్పుడు మళ్ళీ అందుకునేది. మధ్యలో బండిని నడిపించే బాధ్యత మోటారు తీసుకునేది. సీటు దించమని చెప్పని మనిషి లేడు. ఆమె తల ఊపేది, దించేది కాదు.

మడతక్క దర్జీ. కొత్త బట్టలు కుట్టదు, ఉన్నవాటిని మనుషులకు సరిపెడుతుంది. మనుషులు లావెక్కుతారు, చిక్కిపోతారు, వంగిపోతారు. బట్టలు మాత్రం పట్టుదలగా కుట్టిననాటి మాట మీదే నిలబడతాయి. ఈ తగువులు తీర్చడమే ఆమె పని. అందులో ఆమెకో సిద్ధాంతం ఉంది. ఎక్కువైన గుడ్డను కత్తిరించదు, లోపలికి మడిచి కుట్టేస్తుంది. కత్తెర వేస్తే మళ్ళీ రాదు, మడిస్తే రేపెప్పుడైనా విప్పుకోవచ్చునంటుంది. ఆ పేరు అలా వచ్చింది. అసలు పేరుతో పిలిస్తే ఆమె కూడా ఓ క్షణం ఆలోచించి గాని పలకదు.

కుట్టినవాటిని ఇళ్ళకు చేర్చడం ఆయన పని. గోదాములో ఉద్యోగం అయిపోయాక, నడిచి తిరగలేక ఆ కరెంటు సైకిలు కొన్నాడు. వెనక బుట్టలో బట్టల మూట పెట్టుకుని, కొత్తగా పదవి వచ్చినవాడిలా వెన్ను నిటారుగా పెట్టి బయలుదేరేవాడు. ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చుని, టీ చల్లారిపోయిందని చెప్పబోతూ, చెప్పకుండానే వెళ్ళిపోయాడు. ఆ గ్లాసు చాలాసేపటి వరకు ఆమె తీయలేదు.

తర్వాతి వారంలో ఆమె చేసిన పనే ఈ కథకంతటికీ మూలం. చేతులు ఊరికే ఉంటే ఏమవుతుందో అని భయమేసి, బీరువాలోని ఆయన బట్టలన్నీ తీసింది. వాచ్‌మన్‌కు చొక్కా లేదు, ఎదురింటాయనకు చలికి కోటు లేదు, మరిదికి ప్యాంట్లు లేవు. వాళ్ళెవరూ ఆయనంత మనిషి కాదు. మడతలతో అయ్యే తేడా కాదది. జీవితంలో మొదటిసారి కత్తెర వేసింది. వారం రోజులు వరసగా, చక్కగా, ఒక్క కుట్టు వంకరపోకుండా ఆయనను అందరికీ సరిపెట్టేసింది.

ఆఖరి ప్యాంటు ఇచ్చేసి వచ్చాక, ఎందుకో ఒక్కసారి ఆయన చొక్కాని భుజాల దగ్గర పట్టుకుని చూడాలనిపించింది. బీరువా తెరిచింది. ఆయన కొలతలో ఉన్న వస్తువు ఇంట్లో ఒక్కటీ మిగల్లేదు.

వీధిలో మాత్రం ఆయన ఉన్నాడు. ముక్కలు ముక్కలుగా ఉన్నాడు. నీలం గళ్ళ చొక్కా వీపు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని కునుకు తీస్తుండేది. గోధుమరంగు కోటు వారానికోసారి బ్యాంకు మెట్లు ఎక్కేది. ఒకనాడు కూరగాయల బండి దగ్గర ఆయన ప్యాంటు వంగి వంకాయలు ఏరుతుంటే, ఆమె దాదాపు పిలిచేసింది. మరిది వెనక్కి తిరిగి, "ఏం వదినా, కావాలా?" అన్నాడు. అతను అడిగింది వంకాయల సంగతి. ఆమె వద్దంది.

అన్నిటిలోనూ ఆయన గుడ్డ ఉంది, ఆయన కొలత లేదు. కొలత మిగిలింది ఒక్క సైకిలు సీటుకే. ముందుగదిలో ఆయన కుర్చీ ఉండే చోటే దాన్ని నిలబెట్టింది. కుర్చీలో కూర్చుంటే ఆయన భుజం ఎంత ఎత్తులో ఉండేదో, సీటు సరిగ్గా అంత ఎత్తులో ఉండేది. దీపం పెట్టకముందు ఆ గదిలోంచి వెళ్తూ చెయ్యి తగిలితే, ఆమె పక్కకు జరిగి దారి ఇచ్చేది.

ఆయన అక్క, అంటే మడతక్కకు వదిన, తోడుగా ఉంటానని ఓ పెట్టెతో వచ్చి వెనక గదిలో స్థిరపడింది. వదినకు దెయ్యాలంటే భయం లేదు. బంధువులు ఎవరు పోయినా కొన్నాళ్ళు అటూ ఇటూ తిరుగుతారనీ, వాళ్ళతో మామూలుగా మసలుకుంటే ఇబ్బంది ఉండదనీ, రైళ్ళ వేళలు చెప్పినట్టు చెబుతుంది. ఛార్జరు పెట్టినప్పుడు సైకిలు నడుం దగ్గర చిన్న ఎర్రదీపం వెలిగేది, సన్నగా బుస వినిపించేది. వదిన ఆ గదిలో టీవీ చూస్తూ, ఆ బుస కాస్త పెరిగితే ధ్వని తగ్గించేది. "నిద్ర పట్టినట్టుంది వాడికి" అనేది.

తెలుగులో సైకిలు నపుంసకలింగం. ఈ విషయంలో వ్యాకరణ పండితులకు భేదాభిప్రాయం లేదు. ఆ ఇంట్లో మాత్రం వ్యాకరణం మెల్లమెల్లగా సడలింది. మొదట్లో ఇద్దరూ "అది" అనే అనేవారు. ఒక సాయంత్రం ఉన్నట్టుండి జల్లు మొదలైంది. మడతక్క సూది పక్కన పెట్టి లేస్తూ, "అయ్యో, ఆయన బయట తడుస్తున్నారు" అంది. అన్నాక తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

వదిన చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తలేదు. "లోపలికి తీసుకురా మరి. అసలే వాడికి జలుబు తొందరగా పడుతుంది" అంది.

సర్వనామం ఆ పూట ఖాయమైంది.

సైకిలు కూడా తన వంతు సహకరించింది. ఎత్తురోడ్డు ఎక్కేటప్పుడు, ఆమె కాళ్ళు నీరసపడి ఆగిపోయాక కూడా, వీపు వెనక ఎవరో అరచెయ్యి ఆనించి తోసినట్టు ఇంకో రెండు మూరలు ముందుకు వెళ్ళేది. ఆ తోపు కోసమే ఆమె కొన్నిసార్లు అవసరం లేకపోయినా ఆ రోడ్డు మీంచి వెళ్ళేది. పైకి చేరాక వెనక్కి తిరిగి చూసేది కాదు. చూస్తే ఎవరూ ఉండరని ఆమెకు తెలుసు. చూడకపోతే తెలియదు.

ఇలా ఇంకా ఎన్నాళ్ళు సాగేదో గాని, చేతులు అడ్డం తిరిగాయి. హ్యాండిలు ఆమెకు చాలా దూరం. సీటు ఎత్తునుంచి ముందుకు ఒరిగి, ఒంటి బరువంతా అరచేతుల మీద వేసి పట్టుకోవాలి. బ్రేకులు పైకి చూస్తుండేవి, వాటిని అందుకోవాలంటే మణికట్టు వెనక్కి విరవాలి. మొదట కుడిచేతి బొటనవేలు మొద్దుబారింది. ఆ పైన చూపుడువేలు. సూది పట్టుకున్నదీ లేనిదీ కళ్ళతో చూసి నిర్ధారించుకోవలసి వచ్చేది. ఒకనాడు తెల్ల కాలరు మీద ఎర్రటి చుక్క కనిపించింది. పక్కన ఇంకోటి. ఎక్కణ్ణుంచి రాలుతున్నాయో అని పైకి చూసింది. అవి ఆమె వేలి నుంచే రాలుతున్నాయి. సూది ఎప్పుడు దిగిందో ఆమెకు తెలియలేదు.

వదిన ఆ కాలరు కేసి చాలాసేపు చూసి, "పిలుస్తున్నాడేమోనే" అంది. మామూలుగా, టీ తాగుతావా అన్నట్టే అంది.

నాలుగు రోజులకు నిజంగానే పిలిచినంత పని జరిగింది. కూడలిలో ఎర్రదీపం పడింది. మడతక్క దీపస్తంభాన్ని పట్టుకుని ఆగింది. జారిపోకుండా ఉండడానికి కుడికాలి బరువు పెడలు మీద వేసింది. సైకిలు ఒక్కసారి ముందుకు దూకింది. స్తంభం చేతిలోంచి జారిపోయింది. కాలు నేల కోసం వెతికింది, నేల లేదు. మొద్దుబారిన వేళ్ళు బ్రేకును సగమే అందుకున్నాయి. ఎదురుగా వస్తున్న బస్సు కీచుమని ఆగింది. దాని ముందుభాగపు వేడి ఆమె చెంపకు తగిలింది. డ్రైవరు తిట్టడానికి నోరు తెరిచి, ఆమె ముఖం చూసి మూసేశాడు.

ఇంటికి నడిపించుకుంటూ వచ్చింది. వదిన అంతా విని, "వాడికి చిన్నప్పట్నుంచీ తొందరే" అంది. ఈసారి మాత్రం ఆమె గొంతులో ధీమా లేదు. రాత్రి అన్నం దగ్గర మళ్ళీ తనే ఆ మాట ఎత్తి, సైకిలు అమ్మెయ్యమంది. ఇద్దర్నీ సాగనంపే ఓపిక తనకు లేదంది.

మడతక్క ముద్ద కలుపుతూ ఆలోచించింది. అమ్మితే సీటు పోతుంది. దించితే ఎత్తు పోతుంది. అలాగే ఉంచితే ముందు చేతులు పోతాయి, ఆ వెనక తను. చేతులు పోతే కూడు పోతుంది. పైగా ఆమెకు ఒక భయం ఉండేది. అది బయటికి చెప్పుకోదగినది కాదు గనక ఎవరితోనూ అనలేదు. సీటు కింది గొట్టం పొడుగు. పొట్టి చెయ్యాలంటే రంపంతో కోయాలి. ఆమె లెక్కలో పొట్టి చెయ్యడానికి ఉన్నవి రెండే దారులు, మడతా కోతా. ఇనుమును మడవడం కుదరదు గనక, మిగిలింది కోతే. ఇంకోసారి ఆయనను కోయడం ఆమె వల్ల కాదు.

మర్నాడు మాత్రం పానా బాబాయి దుకాణానికి వెళ్ళింది. చేతిలో ఎప్పుడూ పానా ఉంటుంది గనక ఆ పేరు. నిద్రలో కూడా వదలడని వాళ్ళావిడ ఫిర్యాదు. ఆయనకు సైకిళ్ళంటే అపారమైన మర్యాద. ఒక్కదాన్నీ "ఇది" అనడు. మనుషుల్ని మాత్రం సందర్భాన్ని బట్టి అంటాడు.

ఆమెను ఎక్కి కూర్చోమని, వెనక చక్రం కాళ్ళ మధ్య బిగించి పట్టుకుని, నాలుగు వైపులా చూశాడు. నిట్టూర్చాడు.

"వీరికీ మీకూ పొసగలేదమ్మా" అన్నాడు.

మడతక్క తుళ్ళిపడింది. "అదేం మాట బాబాయ్? ముప్పై ఏళ్ళు బాగానే ఉన్నాం" అంది.

పానా బాబాయి నిండా మూడేళ్ళు లేని ఆ సైకిలు కేసి ఓసారి, ఆమె కేసి ఓసారి చూశాడు. వృత్తిలో ఎన్నో చూసినవాడు గనక పానా తుడుచుకున్నాడు.

ఆమె దిగి, చీర చెంగు సర్దుకుని, అసలు విషయం అడిగింది. "కోస్తావా?"

"ఏమిటి కోసేది?"

"ఆ గొట్టం."

"కోయడమెందుకమ్మా? మర వదులు చేస్తే లోపలికి దిగుతుంది. మళ్ళీ కావాలంటే బయటికి లాగొచ్చు. ఉన్నదంతా లోపలే ఉంటుంది."

ఆమె వంగి గొట్టం కేసి చూసింది. "అంటే మడతే" అంది చివరికి.

ఆయనకు ఆ మాట అర్థం కాలేదు. అయినా అవునన్నాడు.

మర వదులు చేయబోతుంటే ఆగమంది. మెడలో వేలాడే టేపు తీసింది. పెడలు అట్టడుగుకు తిప్పి, అక్కణ్ణుంచి సీటు పైదాకా పట్టింది. టేపు మీద బొటనవేలు ఎక్కడ ఆగిందో చూసుకుంది. కాగితం మీద రాసుకోమని బాబాయి పెన్సిలు ఇవ్వబోతే, కొలతలు మరిచిపోయే దర్జీ దుకాణం మూసుకోవాలంది. ఆయన పానా తిప్పాడు. సీటు మీద చెయ్యి వేసి నొక్కాడు. గొట్టం మెల్లగా దిగింది. అది దిగుతుంటే, లోపలి గాలి ఎక్కడినుంచో సన్నగా బయటికి వచ్చింది. చాలాకాలం బిగబట్టి వదిలిన ఊపిరిలా ఉంది ఆ చప్పుడు. మడతక్క గోడ వైపు తిరిగింది. గోడ మీద టైర్లు వేలాడుతున్నాయి. అన్నిటినీ చూసింది.

తర్వాత చాలా పని జరిగింది. ఆమెను కూర్చోబెట్టి, మడమ పెడలు మీద ఉంచి, పెడలు అట్టడుగుకు వచ్చినప్పుడు మోకాలు నిటారుగా వచ్చేలా సీటు చూశాడు. ముందు పాదం పెట్టినప్పుడు మోకాలు కాస్త వంగాలట. సీటు రవంత ముందుకు జరిపాడు. ఆ పైన రెండు పాదాల వేళ్ళూ నేలకు ఆనేలా ఇంకాస్త దించాడు. బరువు బండి, కొన్నాళ్ళు ఇలా తొక్కి ధైర్యం వచ్చాక పైకి లేపుకోవచ్చన్నాడు. హ్యాండిలు ఆమె వైపు తెచ్చాడు. బ్రేకులు కిందికి తిప్పి, ముంజేతికీ వేళ్ళకూ మధ్య మణికట్టు ఎక్కడా విరగకుండా ఒకే గీతలో ఉందో లేదో ఒక కన్ను మూసి చూశాడు. ఆమెది చిన్న చెయ్యి గనక చిన్న మర తిప్పి బ్రేకును దగ్గరికి జరిపాడు.

కూడలిలో జరిగిందీ విన్నాడు. "వీరికి మనసు తెలియదమ్మా, పాదమే తెలుసు. పెడలు మీద బరువు పడితే మీరు తొక్కుతున్నారనుకుంటారు. ఆగినప్పుడు బ్రేకు పట్టే ఉంచండి. బ్రేకు పడితే మోటారు పలకదు" అన్నాడు.

మడతక్క అడగాలా వద్దా అని కాసేపు చూసి అడిగింది. "మరి తొక్కడం ఆపేశాక కూడా వెనకనుంచి తోస్తున్నట్టుంటుంది?"

"మీరు ఆపారని వీరికి తెలిసేసరికి కాస్త ఆలస్యమవుతుంది. అంతే."

"అది తీసెయ్యకు" అంది.

తీయడం తన చేతిలో లేదని ఆయన ఊరడించాడు.

ఇంటికి తొక్కుకుంటూ వచ్చింది. ఆగినప్పుడల్లా రెండు పాదాలూ నేలను వెతకకుండానే అందుకుంటుంటే, మొదట అవమానంగా, తర్వాత అలవాటుగా అనిపించింది. ముందుగదిలో సైకిలు నిలబెట్టి పక్కనుంచి వెళ్తే, చెయ్యి తగలలేదు. భుజం ఉండాల్సిన చోట ఖాళీ. అక్కడ గాలిలో చెయ్యి ఉంచి కాసేపు నిలబడింది. ఆ రాత్రి ఛార్జరు బుస కూడా చిన్నదైపోయిందని వదిన అంది. మడతక్క వెళ్ళి దీపం ఆర్పింది. తను చేసింది మడతేననీ, కోత కాదనీ తనకు తనే చెప్పుకుంటూ పడుకుంది. కొలత తలలో భద్రంగా ఉంది. లోకంలో ఆయన మిగిల్చిన కొలత అదొక్కటే, దానికి కావలి ఆమె ఒక్కతే. ఎప్పుడు కావాలంటే అప్పుడు, మర వదులు చేసి, ఆయనను మళ్ళీ అంత ఎత్తున నిలబెట్టవచ్చు.

రెండు వారాలకు వేళ్ళు తేరుకున్నాయి. చూపుడువేలికి మళ్ళీ సూది గుచ్చుకున్నప్పుడు నొప్పి తెలిసి ఆమె సంతోషంతో చెయ్యి విదిలించింది.

ఆ మధ్యాహ్నమే ఎవరో పొడుగాయన ప్యాంటు ఒకటి వచ్చింది. కాలు లోపలివైపు పొడవు పట్టి చూస్తే టేపు మీద ఆమె వేలు బాగా ఎరిగిన చోట ఆగింది. ముప్పై ఏళ్ళు ఆయన ప్యాంట్లకు ఆగిన చోటే అది. ఆమె అలవాటుగా నవ్వుకుంది. తర్వాత నవ్వు ఆగిపోయింది. పానా బాబాయి చెప్పిన లెక్క గుర్తుకొచ్చింది. మడమ పెడలు మీద, మోకాలు నిటారుగా. అంటే సీటు ఎత్తు కాలి పొడవంతే ఉండాలి. టేపును ఇంకోచోటికి జరిపి, దుకాణంలో బొటనవేలు ఆగిన చోటును చూసింది. కాలి పొడవుకు చెప్పు మందం కలిపింది, ప్యాంటుకు ఇచ్చే వదులు కలిపింది. ఎంత ఉదారంగా కలిపినా సీటు వైపు రెండు వేళ్ళ మందం మిగిలిపోయింది. మరోసారి చేసింది. మళ్ళీ మిగిలింది.

ఆ సీటు ఆయనకూ ఎక్కువే. ఆయనా మునివేళ్ళతోనే తొక్కాడు. వీధి చివర్లో మలుపు తిరిగేటప్పుడు నడుం అటూ ఇటూ ఊగుతుంటే, అదంతా ఆయన దర్జా అనుకుని ఆమె కిటికీలోంచి చూసి మురిసిపోయేది. రాత్రుళ్ళు మోకాలి వెనక నొప్పంటే నూనె రాసేది.

వదిన గుమ్మంలో కూర్చుని పాత దుప్పటికి అంచు కుడుతోంది. సైకిలు కొన్ననాడు తమ్ముడి వెంట దుకాణానికి వెళ్ళింది ఆవిడే. మడతక్క టేపు చేత్తో పట్టుకుని వచ్చి, సీటు అంత పైకి ఎవరు పెట్టించారని అడిగింది.

"ఎవరు పెట్టించడమేమిటే? అక్కడ అన్ని సైకిళ్ళవీ అలాగే పైకి లాగి ఉన్నాయి" అంది వదిన, పళ్ళతో దారం తెంపుతూ. "కూర్చోండి, మీ కొలతకు సరిచేసి ఇస్తామన్నారు. వీడికి ఆగే ఓపికేదీ?"

"ఇన్నాళ్ళూ చెప్పలేదేం వదినా?"

"నువ్వు అడగలేదుగా. దుకాణం అద్దాల్లోంచి వరసగా కనబడాలని పెట్టారంతే, అన్నీ ఒక్క ఎత్తులో."